గంటగోపురంలో కాపురం

ఆ ఏడాది ఎలుకలు రిబ్కా మీద పగబట్టినట్టే చేశాయి.

పిట్టలవానిపాలెం దాటాక కాలువ కింద ఉండే ఏటివారిపాలెంలో ఆమెది రెండెకరాల సాగు. ఒక ఎకరం అత్తగారి పేర పట్టా వచ్చింది, రెండోది కౌలు. రెండిట్లోనూ బీపీటీ వరి వేసింది. అక్టోబరు ఆఖరుకి పైరు చిరుపొట్ట మీదికొచ్చింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తే పచ్చటి దుప్పటికి చిల్లులు పడ్డట్టు చేను మధ్యలో గుండ్రంగా ఖాళీలు. దగ్గరికెళ్తే దుబ్బులన్నీ కొడవలితో ఏటవాలుగా కోసినట్టు కొరికి పడేసి ఉన్నాయి. కడుపుకి తిన్నాయంటే పోనీలే అనుకోవచ్చు. ఇవి తినేది తక్కువ, కొరికి పారేసేది ఎక్కువ.

"మందు పెట్టేద్దాం రిబ్కా," అన్నాడు ఆమె భర్త శాలేమురాజు గట్టు మీద గొంతుక్కూర్చుని.

"వద్దు."

"ఇంకో వారం ఇలాగే వదిలేస్తే కోతకి మనం రానక్కర్లేదు. అవే కోసుకుపోతాయి."

"కోసుకుపోనీ. మందు మాత్రం పెట్టొద్దు."

మూడేళ్లుగా రిబ్కా చేలో యూరియా బస్తా విప్పింది లేదు, పురుగుమందు కొట్టింది లేదు. ఇంటి వెనక నీలం డ్రమ్ములో పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టి, ఆ నీళ్లే చేనుకి పారిస్తుంది. మొదటి ఏడు ఆ వాసనకి ఇరుగుపొరుగు ముక్కులు మూసుకున్నారు. దిగుబడీ తగ్గింది. రెండో ఏడు పక్కవాళ్లతో సమానంగా వచ్చింది. మూడో ఏటికి మడిలో కాలు పెడితే మెత్తగా దిగబడడం మొదలైంది. గుప్పెడు మట్టి తీస్తే వానపాములు మెలికలు తిరుగుతూ బయటపడేవి. సాయంత్రమైతే కప్పల గోలకి ఫోన్లో మాట వినపడేది కాదు. ఎప్పుడో చిన్నప్పుడు చూసిన మట్టగిడస చేపలు కాలువ నీళ్లతో మళ్లీ మడుల్లోకి వచ్చాయి. వాటి కోసం కొంగలు బారులు తీరేవి. ఇవన్నీ చూసి రిబ్కా లోలోపల మురిసిపోయేది. తన సంసారం ఒక్కటే కాదు, ఇంకా ఎవరెవరిదో సంసారం తన చేలో నడుస్తోందని ఆమెకి ఒక గర్వం.

ఎలుకల దగ్గరే ఆ గర్వానికి దెబ్బ తగిలింది. అంతకుముందు ఏడు శాలేమురాజు ఉండబట్టలేక నూకల్లో నూనె, మందు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టాడు. ఎలుకలు చచ్చిన మాట నిజమే. నాలుగోరోజున ఏడేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న పిల్లి పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది, మళ్లీ లేవలేదు. వారం తిరక్కుండా గట్టు మీద ఒక తెల్ల గూబ రెక్కలు పరుచుకుని చచ్చిపడి ఉంది. దాని ముఖం తమలపాకుకి సున్నం రాసినట్టుంది. రిబ్కా దాన్ని తాటాకులో చుట్టి గట్టు పక్కన పూడ్చిపెట్టింది. "అన్నీ మానేసి ఈ ఒక్క పాపం ఎందుకు మిగుల్చుకోవాలయ్యా మనం?" అని మొగుడి మీద విరుచుకుపడింది. ఆ రోజు నుంచి మందు మాట ఇంట్లో రాలేదు. ఇదే మళ్లీ రావడం.

"సరే, ఎలుకల్ని పట్టడానికి మీ నాన్న పెట్టేవాడు చూడు వెదురు బుట్టలు, అవి పెట్టగలవా నువ్వు?" అని అడిగింది రిబ్కా కాస్త మెత్తబడి.

శాలేమురాజు ముఖం వెలిగింది. "పెట్టలేకేం? మరచిపోయాననుకున్నావా?"

ఆ వారం అతను అటక మీది పాత బుట్టలు దించి తాళ్లు కొత్తవి కట్టే పనిలో పడ్డాడు. చర్చిలో గొడవ మొదలైంది కూడా ఆ వారమే.

ఏటివారిపాలెం లూథరన్ చర్చి పాతది. మందపాటి సున్నపు గోడలు, ఎర్ర పెంకులు, ముందువైపు ఎత్తుగా గంటగోపురం. నవంబరు మొదటి ఆదివారం జాన్సన్ అయ్యగారు ప్రసంగంలో మంచి ఊపు మీదుండగా, పైనుంచి బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది. అయ్యగారు ఆగారు. చప్పుడూ ఆగింది. అయ్యగారు అందుకున్నారు. మళ్లీ బుస్సు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి వచ్చేసరికి చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు చీరలు దగ్గరికి తీసుకుని లేచి నిలబడ్డారు.

"పాము! ఎవరూ తోసుకోవద్దు. ముందున్నవాళ్లు ముందుకి, వెనకున్నవాళ్లు వెనక్కి, జరగండి జరగండి," అన్నారు మత్తయిగారు చేతులూపుతూ. ఆయన సంఘ పెద్ద. ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నలుగురు కనపడితే చాలు, బస్సులో ఉన్నట్టే మాట్లాడతారు.

ఆరాధన ముగిశాక మత్తయిగారు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని గోపురం నిచ్చెన ఎక్కారు. అందరూ కింద నిలబడి చూస్తున్నారు. ఎక్కడానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు దిగడానికి.

"పాము కాదు. దానికి ముఖముంది!" అన్నారు రొప్పుతూ.

"ముఖమేంటి మావయ్యా?" అంది రిబ్కా.

"తెల్లటి ముఖం. ఇంతేసి నల్లటి కళ్లు. తలకాయ అటు తిప్పింది, ఇటు తిప్పింది, నన్ను చూసి బుసకొట్టింది. దాని కింద ఇంకేవో కదులుతున్నాయి."

"గూబలై ఉంటాయి. పిల్లల్ని పెట్టుంటుంది," అన్నారు అయ్యగారు.

గూబ అనేసరికి గుంపులో గుసగుసలు లేచాయి. చావుపిట్ట గుళ్లో కాపురం పెట్టిందా అని ఒక ముసలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. క్రిస్మస్‌కి చర్చికి రంగులు వేయించాలని మత్తయిగారు అప్పటికే కమిటీని ఒప్పించి ఉన్నారు. ఆ మర్నాడే బస్సెక్కి తెనాలి వెళ్లి, రంగు డబ్బాలతో పాటు ఒక చుట్ట ఇనుప వల కూడా తెచ్చారు. వచ్చే ఆదివారం గూబల్ని తరిమేసి, గోపురం కిటికీలకి ఆ వల బిగించేయాలని తీర్మానం.

శనివారం చర్చి ఊడ్చే వంతు రిబ్కాది. గోపురం కింద గదిలో చీపురు వేస్తుంటే నల్లటి ఉండలు దొర్లుకొచ్చాయి. బొటనవేలంత లావు, పైన నూనె రాసినట్టు నిగనిగ. పిట్ట రెట్టలు ఇలా ఉండవే అనుకుని ఒకదాన్ని పుల్లతో విడదీసింది. లోపల బూడిదరంగు వెంట్రుకలు, సన్నసన్నటి ఎముకలు. వాటి మధ్య గోరంత పుర్రె ఒకటి బయటపడింది. దాని ముందు రెండు పొడుగాటి పసుపుపచ్చ పళ్లు.

ఆ పళ్లని రిబ్కా ఎక్కడున్నా గుర్తుపడుతుంది. తన చేను కొరికిన పళ్లు అవే.

చీపురు అక్కడే పడేసి, ఉండలన్నీ కొంగులో పోసుకుని, ఎదురింట్లో ఉంటున్న హిమబిందు దగ్గరికి పరుగెత్తింది. హిమబిందు బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. చదువులో భాగంగా కొన్ని నెలలు పల్లెలో ఉండి రైతులతో పనిచేయాలని పంపితే ఆ ఊరొచ్చింది. వచ్చిన మొదటివారంలోనే రిబ్కాతో పిన్నీ అని వరస కలిపేసింది.

"బిందూ, ఇవేంటో చూడమ్మా."

హిమబిందు వాటిని చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఎక్కడివి పిన్నీ ఇన్ని? గూబ ఎలుకని మొత్తంగా మింగేస్తుంది. అరగని వెంట్రుకలు, ఎముకలు ఇలా ఉండ చేసి కక్కేస్తుంది. ఉండండి, నీళ్లలో నానబెడదాం."

ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఇరవయ్యేడు ఉండలు విప్పారు. అరవై నాలుగు పుర్రెలు లెక్క తేలాయి. రెండు చుంచులవి, ఒకటి ఏదో పిట్టది, మిగతావన్నీ పొలం ఎలుకలవి.

"ఇది వారం చెత్తే బిందూ. కిందటి శనివారం వీటిని రెట్టలనుకుని నేనే ఊడ్చి పారేశాను," అంది రిబ్కా నోరు వెళ్లబెట్టి.

"పిల్లలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి పిన్నీ. తల్లీ తండ్రీ రెండూ చీకటి పడ్డం ఆలస్యం, వేటకి బయల్దేరతాయి."

ఆదివారం ఆరాధన అయ్యాక మత్తయిగారు వల చుట్ట విప్పుతుండగా, రిబ్కా తెల్ల పింగాణీ పళ్లెం ఒకటి తెచ్చి అయ్యగారి ముందు బల్ల మీద పెట్టింది. పళ్లెం నిండా కడిగి ఆరబెట్టిన పుర్రెలు, వరసలుగా.

"ఇదేంటమ్మా!" అని అయ్యగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"మన గోపురంలో ఉన్నవాళ్లు వారంరోజుల్లో చేసిన పనండి. మన చేలల్లో అరవై ఎలుకల్ని పట్టాయి. ఏ మందూ పెట్టకుండా. వాటిని తరిమేసి, రేప్పొద్దున మనమే మందు కొనుక్కొచ్చి మన పిల్లుల్నీ కుక్కల్నీ చంపుకుందామా?"

ఆమె ఎప్పుడూ నలుగురిలో అంతసేపు మాట్లాడింది లేదు. ఆడవాళ్లు ముందుకొచ్చి పళ్లెంలోకి తొంగి చూశారు. ఊళ్లో సగం మంది చేలు ఆ ఏడు చిల్లులు పడ్డవే. "ఓరి మీ దుంపతెగ, ఈ పళ్లే గదా," అని ఒకామె పుర్రెని వేలితో పొడిచింది.

మత్తయిగారు తేలిగ్గా వదిలే మనిషి కాదు. "అది కాదమ్మా కోడలా, గూబ అపవిత్రమైన పిట్ట అని బైబిల్ వాక్యంలోనే ఉందిగా?"

"తినకూడదని ఉంది మావయ్యా. నేనేమన్నా వండుతానన్నానా?"

చర్చి అంతా గొల్లున నవ్వింది. అయ్యగారు నవ్వు ఆపుకోడానికి చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు.

"మరి వాసనో?"

"రోజూ నేనొచ్చి కడుగుతాను."

"క్రిస్మస్‌కి రంగో?"

"గోపురం వదిలేసి మిగతాది వేయించండి. ప్రభువే పశువుల పాకలో పుట్టాడు మావయ్యా. గోపురానికి రంగు లేదని కోప్పడతాడా?"

పిల్లలు ఎగిరిపోయేదాకా గూబల జోలికి వెళ్లకూడదని, ఆ తర్వాత వల సంగతి చూద్దామని అయ్యగారు తేల్చారు. మత్తయిగారు వల చుట్ట మూలన నిలబెట్టి, "మధ్యలో ఎక్కినవాళ్లకే సీట్లు ఇస్తున్నారీ రోజుల్లో," అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

రిబ్కా గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే హిమబిందు ఎదురైంది.

"గుడిలో నెగ్గారు పిన్నీ, బావుంది. కానీ పొలాల్లో మందు పెడితే ఈ గెలుపు దేనికీ కొరగాదు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంటుంది. గూబకి ముందు దొరికేది అదే."

"నా చేలో పెట్టను కదా."

"గూబకి మీ గట్లు తెలుసా?"

రిబ్కా చేనుని ఆనుకుని శ్రీనివాసరావుగారివి ఎనిమిదెకరాలున్నాయి. ఆయన గురువారం మందు పెట్టిస్తున్నారని ఊరందరికీ తెలుసు. ఆ సాయంత్రమే రిబ్కా ఆయన ఇంటికి వెళ్లింది. శ్రీనివాసరావుగారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. వాళ్లమ్మ కోటేశ్వరమ్మగారు కింద పీట మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది.

అంతా విని ఆయన నవ్వారు. "గూబ ఇంటి మీద వాలితే మా తాతలు ఆర్నెల్లు ఇల్లు వదిలిపెట్టేవాళ్లమ్మాయ్. నువ్వు దాన్ని పిలిచి పీట వెయ్యమంటున్నావా?"

"లక్ష్మీదేవి వాహనంరా అది," అంది కోటేశ్వరమ్మగారు తలెత్తకుండానే.

"మరి వాలకూడదని నువ్వే అనేదానివిగా అమ్మా?"

"ఇంటి మీద వాలకూడదన్నాను. పొలంలో వాలితే ఏం? ఆ పిల్ల ఇంటికి రమ్మనట్లేదుగా దాన్ని. కిందటేడు నువ్వు పెట్టిన మందుకి మన నల్ల కుక్క పోయింది. మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు."

శ్రీనివాసరావుగారు తల్లి వంక, రిబ్కా వంక చూసి నిట్టూర్చారు. "పది రోజులు, రిబ్కా. పది రోజులు ఆగుతాను. ఈలోగా నా చేలో కొత్త చిల్లులు పడితే మాత్రం నన్ననొద్దు."

"అననండి బాబాయిగారూ."

ఆ పది రోజులూ రిబ్కా ఇంట్లో ఒక పెళ్లికున్నంత హడావుడి. హిమబిందు చెప్పినట్టు గూబలు కూర్చుని కాపు కాయడానికి వీలుగా, కర్రకి అడ్డకర్ర కట్టి ఎకరానికి ఆరేడు చొప్పున పాతారు. తన చేలోనే కాదు, అడిగి శ్రీనివాసరావుగారి చేలోనూ పాతింది. లావు గట్లలో ఎలుకలు బొరియలు చేస్తాయంటే, గట్లు చెక్కి సన్నం చేశారు. శాలేమురాజు సాయంత్రం బుట్టలు పెట్టి పొద్దున్నే తీసేవాడు. బుట్టలో పడ్డవాటిని గర్వంగా ఎత్తి చూపించేవాడు, చేపలు పట్టినట్టు.

రెండోరోజు మునిమాపువేళ రిబ్కా గట్టు మీద నిలబడి ఉంది. పడమటి దిక్కున ఇంకా కాస్త ఎరుపు మిగిలుంది. గోపురం కిటికీలోంచి తెల్లగా ఒకటి జారినట్టు బయటికొచ్చింది. కొబ్బరిచెట్ల మీదుగా వంపు తిరిగి చేను మీదికొచ్చింది. కొంగ ఎగిరితే రెక్కల చప్పుడుంటుంది, కాకి ఎగిరినా వినపడుతుంది. దీనికి చప్పుడే లేదు. ఆమె తల మీదుగా వెళ్తే గాలి కూడా కదలలేదు. కర్ర మీద వాలి, తల వంచి చేనుని వింటున్నట్టు కాసేపు ఉండి, ఒక్కసారి కిందికి పడింది. లేచేసరికి కాళ్ల మధ్య ఎలుక వేలాడుతోంది.

రిబ్కాకి ఒళ్లు ఝల్లుమంది. "పట్టిందయ్యా!" అని చేలో అంత దూరాన ఉన్న శాలేమురాజుకి వినపడేలా కేకేసింది.

ఆరోరోజున మాత్రం శ్రీనివాసరావుగారి చేలో తూము దగ్గర కొత్త చిల్లు పడింది. ఆయన గట్టు మీద నిలబడి, వంగి కొరికిన పిలకలు చేతిలోకి తీసుకుని చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అరిచినా బాగుండేది అనుకుంది రిబ్కా.

మర్నాడు సాయంత్రం ఆయన మందు సంచీ పట్టుకుని చేనుకొచ్చారు. రిబ్కా కాళ్లీడ్చుకుంటూ ఎదురెళ్లింది.

"ఇంకా మూడు రోజులున్నాయి బాబాయిగారూ."

"తెలుసమ్మా. అయినా..." అంటూ ఆయన ఆగారు. ఆయన చూపు ఆమె భుజం మీదుగా ఎటో వెళ్లింది.

తూము పక్కన పాతిన కర్ర మీద గూబ కూర్చుని ఉంది. వాళ్లకి పాతిక గజాల దూరం కూడా లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది వాళ్ల వైపు ఒకసారి ముఖం తిప్పి చూసింది. మీతో నాకేం పని లేదన్నట్టు మళ్లీ చేను వైపు తిరిగింది. అయిదు నిమిషాలు గడిచాయో పది గడిచాయో, ఒక్క ఉదుటున కిందికి దూకి, ఎలుకతో లేచి గోపురం వైపు పోయింది. వాళ్లు అక్కడే నిలబడ్డారు. కాసేపటికి రెండోది వచ్చింది. అదే కర్ర మీద వాలి అదే పని చేసింది.

"చప్పుడే లేదే!" అన్నారు శ్రీనివాసరావుగారు రహస్యం చెప్పినట్టు. తర్వాత చేతిలో సంచీ చూసుకుని, దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నారు, గూబ చూస్తుందేమో అన్నట్టు. "రేపు ఇంకో నాలుగు కర్రలు పాతించు. కర్రలు నేనిస్తాను."

పదో రోజుకి ఆయన ఎనిమిదెకరాల్లో మొత్తం కొత్త చిల్లులు రెండే. అంతకుముందు రోజూ మూడు నాలుగు పడేవి.

"పూర్తిగా పోలేదమ్మాయ్," అన్నారు ఆయన, అనాలి కాబట్టి అన్నట్టు.

"అన్నీ పోతే గూబలేం తింటాయండి?" అంది రిబ్కా.

ఆయన పకపకా నవ్వి, వెళ్తూ వెళ్తూ ఇంకో ముగ్గురు రైతుల పేర్లు చెప్పి, వాళ్లతో తను మాట్లాడతానన్నారు.

డిసెంబరు రెండో వారంలో చర్చికి రంగులు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున రిబ్కా బకెట్టు పట్టుకుని గోపురం కింద గది తలుపు తీసేసరికి, నేల మీద తెల్లటి దూదిముద్ద లాంటిది ఒకటి కూర్చుని ఆమెని చూసి బుస్సుమంది. గూటిలోంచి జారిపడ్డ పిల్ల. ముఖమంతా కళ్లే. రిబ్కా కంగారుగా హిమబిందుకి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి పరీక్షకని బాపట్ల వెళ్లి ఉంది.

"దెబ్బలేమీ లేకపోతే నీళ్లూ తిండీ ఏం పెట్టొద్దు పిన్నీ. మెల్లిగా గుడ్డలో చుట్టి మళ్లీ గూట్లో పెట్టేయండి. మనిషి ముట్టుకున్నా తల్లి వదిలేయదు."

చెప్పడం తేలికే. రిబ్కాకి ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. శాలేమురాజు కోతల దగ్గరున్నాడు. రంగులు వేసేవాళ్లు దాని ముఖం చూసి నాలుగడుగులు వెనక్కేశారు. ఆమె అటూ ఇటూ చూస్తుంటే మత్తయిగారు వచ్చారు, రంగు పని పర్యవేక్షించడానికి. ఆయన పిల్లని చూశారు. పిల్ల ఆయన్ని చూసి బుసకొట్టింది. ఆయన జడవలేదు. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "దీనికి చలేస్తోందే," అన్నారు.

అని, భుజం మీది కండువా తీసి దాన్ని చుట్టి, గుండెకి ఆనించుకుని, డెబ్బయ్యేళ్ల మనిషి ఒక చేత్తోనే నిచ్చెన ఎక్కడం మొదలెట్టారు. రిబ్కా కింద నిచ్చెన పట్టుకుని కళ్లు మూసుకుంది. పైనుంచి బుసలు వినపడ్డాయి. వాటి మధ్య మత్తయిగారి గొంతు. "జరగాలి, జరగాలి, లోపలికి జరగాలి. ఏయ్, నువ్వే, కాస్త చోటియ్యి దీనికి. ఆఁ, అలాగ."

చాలాసేపు ఆయన దిగలేదు. దిగేసరికి మణికట్టు మీద గీరుకుపోయి రక్తం కారింది, తలనిండా దుమ్ము, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అయిదున్నాయమ్మా కోడలా! మెట్లు మెట్లుగా, ఒకదాని కంటే ఒకటి కాస్త పెద్దది. చివరిదేమో ఇంతే. పెద్దది చిన్నదానికి తిండి అందిస్తోంది, నా కళ్లతో నేను చూశాను."

ఆ సాయంత్రం నుంచి ఆయన గోపురం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలెట్టారు. పిల్లలు మళ్లీ జారకుండా గూటి ముందు అడ్డచెక్క ఒకటి తనే కొట్టారు. దారిన పోయేవాళ్లని పిలిచి కూర్చోబెట్టి, ఇప్పుడొస్తుంది చూడండి అని చూపించేవారు.

రిబ్కా కోత కోసి కుప్ప వేసింది. మందు పెట్టిన పై ఊరి చేలకంటే ఆమె చేను తగ్గలేదు, ఎలుకలు కొరికిన చిల్లులు పోనుకూడా. ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చి గోడలు మీగడ రంగులో మెరిశాయి. గోపురం మాత్రం పాత సున్నంతో అలాగే ఉండిపోయింది. దాని మీద నక్షత్రం కూడా కిటికీకి బాగా కింద కట్టారు, దీపం వెలుగు పిల్లల కళ్లలో పడకూడదని మత్తయిగారు పట్టుబట్టడంతో. జనవరిలో ఒక్కొక్కటే పిల్లలు ఎగిరాయి. ఎగరడం నేర్చుకుంటూ రెండు రోజులు చర్చి పెంకుల మీద కూర్చుని ఊరంతటినీ బుసలతో బెదరగొట్టాయి. తర్వాత గోపురానికి రంగు వేయించారు. కిటికీకి వల బిగించే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వల శాలేమురాజు తీసుకెళ్లి కోళ్లగూటికి వాడుకున్నాడు. శ్రీనివాసరావుగారు వడ్రంగిని పిలిపించి, గూబల కోసం ఒక చెక్కపెట్టె చేయించి, తన చేను చివర తాటిచెట్టుకి కట్టించారు. అందులో గూబకి బదులు గోరింకలు చేరాయని ఆయనకి కాస్త చిన్నతనంగా ఉంది. వచ్చే ఏడు చూద్దాంలెండి అని రిబ్కా ఓదార్చింది.

ఫిబ్రవరిలో రేపల్లె నుంచి కబురొచ్చింది. అక్కడి సంఘంవాళ్లు చుట్టుపక్కల రైతుల్ని పిలిచి సభ పెడుతున్నారు, ఏటివారిపాలెం వాళ్లు వచ్చి చెప్పాలట. మత్తయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. రిబ్కా కూడా వెళ్లి వెనక వరసలో కూర్చుంది. మైకు చేతికి రాగానే మత్తయిగారు అందుకున్నారు. "గూబల్ని మేము మొదటి నుంచీ కాపాడుకుంటూ వచ్చామండి..."

రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆయన పుర్రెల సంగతి చెప్పారు, కర్రల సంగతి చెప్పారు, నిచ్చెన ఎక్కిన సంగతి కాస్త ఎక్కువగానే చెప్పారు. చివర్లో ముందు వరసలోంచి ఒక రైతు లేచి, "అసలు ఇది ముందుగా ఎవరికి తట్టిందండి?" అని అడిగాడు.

మత్తయిగారు మెడ చాచి వెనక వరసలు వెతికారు.

"అదుగో, ఆ అమ్మాయికి. నేనైతే వల కొనుక్కొచ్చిన వాణ్ణండి. నిజం చెప్పాలిగా. రామ్మా కోడలా, నువ్వే చెప్పు."

రిబ్కా బెరుగ్గా లేచి వెళ్లింది. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక మరీ దగ్గరగా పెట్టుకుంటే హాలంతా కీచుమంది. అందరూ నవ్వారు, ఆమే నవ్వింది. అంతే, భయం పోయింది. శనివారం చీపురు దగ్గర మొదలుపెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుపోయింది. పొయ్యి పక్కన చచ్చిన పిల్లి గురించి, గట్టు పక్కన పూడ్చిన గూబ గురించి చెప్పింది. మడుల్లోకి తిరిగొచ్చిన మట్టగిడసల గురించి చెప్పేటప్పుడు చేతులు వాటంతట అవే లేచాయి.

ముగించి దిగబోతుంటే కిటికీ పక్కనుంచి ఒక నడివయసు ఆమె లేచింది. "మా వైపు గూబలే లేవక్కా. చూసి ఎన్నేళ్లయిందో. మేమేం చెయ్యాలి?"

రిబ్కా మళ్లీ మైకు అందుకుంది. "ముందు మందు ఆపి చూడు చెల్లీ. ఎక్కడ్నుంచి వస్తాయో నాకూ తెలీదు. మా గోపురంలోకి ఎవరు పిలిస్తే వచ్చాయి? కర్రలు మాత్రం పాతి ఉంచు."

ఆమె రిబ్కా ఫోన్ నంబరు రాసుకుంది. ఆమె వెనక ఇంకో నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.